అసలు కారు, అసలులా తయారు చేసిన కారు: పాత మజిల్ కార్లపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

1960ల మధ్యకాలం నుంచి 1970ల ఆరంభం దాకా డెట్రాయిట్ కంపెనీలు మధ్యతరహా కారులో పెద్ద వీ8 ఇంజన్ పెట్టి, కుర్రకారుకు అందుబాటు ధరలో అమ్మిన కార్లనే మజిల్ కార్లు అంటున్నాం. అప్పట్లో మామూలు మోడల్‌కూ పెద్ద ఇంజన్ మోడల్‌కూ మధ్య తేడా కొన్ని వందల డాలర్లు మాత్రమే ఉండేది. ఇప్పుడు అవే రెండు కార్ల మధ్య తేడా లక్ష డాలర్లు దాటే సందర్భాలు ఉన్నాయి కనుక, మామూలు కారును అరుదైన కారుగా మార్చి అమ్మాలన్న ఆశ కొందరికి పుడుతోంది. ఈ నెల వచ్చిన ప్రశ్నలు ఎక్కువగా ఈ విషయం మీదే ఉన్నందువల్ల శీర్షిక మొత్తాన్ని దానికే కేటాయిస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. 1970 షెవర్లే షెవెల్ ఎస్ఎస్ 454 (ఎస్ఎస్ అంటే సూపర్ స్పోర్ట్, 454 అంటే ఘనపు అంగుళాల్లో ఇంజన్ పరిమాణం) ఒకటి అమ్మకానికి వచ్చింది. అందులో ఉన్నది 454 రకాల్లో అన్నింటికన్నా శక్తిమంతమైన ఎల్ఎస్6 ఇంజన్ అనీ, ఇంజన్ మీది నంబర్లన్నీ కారు నంబరుతో కలిశాయనీ అమ్మేవారు చెబుతున్నారు. కారు గుర్తింపు నంబరు 136370బీ అని మొదలవుతోంది. ఆ నంబరును బట్టి ఇది అసలైన ఎస్ఎస్ అని నిర్ధారించుకోవచ్చా?

సమాధానం: నిర్ధారించుకోలేరు. మీరు రాసిన అంకెల్లో మొదటి 1 షెవర్లేను, 36 వీ8 ఇంజన్ ఉన్న మాలిబు తరగతిని, 37 రెండు తలుపుల హార్డ్‌టాప్‌ను (పక్క కిటికీల మధ్య స్తంభం లేని బాడీని), 0 1970 మోడల్ సంవత్సరాన్ని, బీ బాల్టిమోర్ కర్మాగారాన్ని చెబుతాయి. అంతకు మించి ఆ నంబరు ఏమీ చెప్పదు. 1966 నుంచి 1968 వరకు షెవెల్ ఎస్ఎస్‌ను కంపెనీ విడి మోడల్‌గా లెక్కించింది కాబట్టి ఆ కార్ల నంబరు 138తో మొదలయ్యేది, కొనేవాడికి అదే పెద్ద ధైర్యంగా ఉండేది. 1969 నుంచి ఎస్ఎస్‌ను మాలిబుపై అదనంగా ఎంచుకునే ప్యాకేజీగా మార్చారు. దాంతో చిన్న ఇంజన్ మాలిబుకూ, 450 హార్స్‌పవర్ ఎల్ఎస్6 కారుకూ ఒకే తరహా నంబరు పడింది. ఇంజన్ వెనకాల ఫైర్‌వాల్ అనే రేకు గోడ మీద ఉండే ట్రిమ్ ట్యాగ్ అనే చిన్న పలక కూడా రంగు, సీట్ల గుడ్డ, బాడీ తయారైన వారం చెబుతుందే తప్ప, చాలా కర్మాగారాల్లో ఎస్ఎస్ అనే సంగతిని నమోదు చేయలేదు.

అమెరికాలో అమ్ముడుపోయిన ఆనాటి షెవర్లే కార్లకు ఒక్కో నంబరు వారీగా ఫలానా కారులో ఫలానా ఇంజన్ పెట్టామని చెప్పగల రికార్డు షెవర్లే మాతృ సంస్థ జనరల్ మోటార్స్ దగ్గర లేదు. కారు మొదట కెనడాలో అమ్ముడుపోయి ఉంటే మాత్రం జనరల్ మోటార్స్ కెనడా విభాగం రుసుము తీసుకుని ఆనాటి వివరాలు పంపుతుంది. మిగతా షెవెల్‌లన్నింటికీ సాక్ష్యం కారుతో పాటు ఇన్నాళ్లు మిగిలిన కాగితాల్లోనూ, కారు ఇనుములోనూ వెతుక్కోవాలి.

కాగితాల్లో ముఖ్యమైనది బిల్డ్ షీట్. అసెంబ్లీ లైన్ మీద పనివారు ఏ భాగం బిగించాలో చూసుకోవడానికి వాడిన కాగితం అది. చాలాసార్లు పెట్రోలు ట్యాంకు పైభాగానికి అతుక్కుపోయి, కొన్నిసార్లు సీటు స్ప్రింగుల మధ్య, దొరుకుతుంది. పక్క కారు షీటు ఈ కారులో పడిపోయిన సందర్భాలూ ఉన్నాయి కనుక, దాని మీది నంబరు మీ కారు నంబరే అవునో కాదో ముందు చూడండి. తరువాతది వారంటీ పుస్తకంలో ఉండే ప్రొటెక్టోప్లేట్ అనే చిన్న లోహపు పలక. ఇంజన్, గేరుబాక్సు, వెనక యాక్సిల్ కోడ్లు దాని మీద ఉబ్బెత్తుగా అచ్చై ఉంటాయి. షోరూములో అద్దానికి అంటించిన ధరల స్టిక్కరు, డీలరు ఇచ్చిన అసలు బిల్లు ఉంటే ఇంకా మంచిది. అయితే వీటన్నింటికీ నకళ్లు తయారు చేసేవారు ఉన్నారు. యాభై ఏళ్లు ట్యాంకు మీద నలిగిన కాగితానికీ, టీ నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితానికీ తేడా చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది, ఫోనులో పంపిన ఫొటోలో తెలియదు.

ఇక ఇనుము సంగతి. ఇంజన్ ముందు భాగంలో, ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్ ఎదుట, బ్లాకు మీద చిన్న చదునైన గద్దె ఉంటుంది. దాని మీద రెండు వేరువేరు అచ్చులు ఉండాలి. ఒకటి ఇంజన్ తయారైన చోట, అంటే న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా కర్మాగారంలో, కొట్టినది. అది టీ0212సీఆర్‌వీ అని ఉందనుకోండి, టోనవాండాలో ఫిబ్రవరి 12న బిగించిన, మాన్యువల్ గేరుబాక్సుకు ఉద్దేశించిన ఎల్ఎస్6 అని అర్థం. ఆటోమేటిక్ అయితే చివరి అక్షరాలు సీఆర్ఆర్ ఉంటాయి. రెండవ అచ్చు ఆ ఇంజన్ కారులోకి ఎక్కే కర్మాగారంలో కొట్టినది. 10బీ తరువాత మీ కారు వరుస సంఖ్య అందులో ఉండాలి. రెండు ఊళ్లలో, ఇద్దరు వేరే మనుషులు, వేరే పనిముట్లతో కొట్టిన అచ్చులు ఇవి. అక్షరాల ఆకారం, లోతు, వాలు రెండింటిలోనూ ఒక్కలాగే ఉంటే నేను వెంటనే అనుమానిస్తాను.

మన ఆర్టీవో ఆఫీసుల దగ్గర చాసిస్ నంబరు మీద కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసే పద్ధతి మీకు గుర్తుండే ఉంటుంది. అదే ఇక్కడా చేయండి. ఆ కాగితం నాణ్యమైన ఫొటో కన్నా ఎక్కువ చెబుతుంది. గద్దె ఉపరితలాన్ని ఫ్యాక్టరీలో బ్రోచ్ అనే కోత యంత్రం ఒకే ఊపులో చదును చేసేది కాబట్టి, దాని మీద ఇంజన్ పొడవునా సన్నని సమాంతర గీతలు మిగులుతాయి. పాత అంకెలను అరగదీసి కొత్తవి కొట్టినవాడు ఆ గీతలను కూడా అరగదీస్తాడు. ఇసుక కాగితం రుద్దిన గీతలో, తిరిగే కట్టర్ వదిలిన వంపు గీతలో కనబడితే ప్రశ్నించండి. నిజాయితీగా ఇంజన్ రీకండిషన్ చేయించినప్పుడు కూడా ఆ ఉపరితలం తీసేసే వీలుంది. అలాంటప్పుడు అసలు అంకెలు పోవాలి. గీతలు పోయి అంకెలు మాత్రం తళతళలాడుతున్నాయంటే అవి తరువాత కొట్టినవే.

దీని తరువాత తేదీల వరుస చూడాలి. నా దృష్టిలో అన్నింటికన్నా బలమైన పరీక్ష ఇదే. బ్లాకును పోత పోసిన తేదీ బ్లాకు మీదే ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. జనవరికి ఏ, ఫిబ్రవరికి బీ, అలా డిసెంబరుకు ఎల్ దాకా నెలకొక అక్షరం, తరువాత రోజు, చివర సంవత్సరం ఆఖరి అంకె. జనవరి 20న పోసిన బ్లాకు ఫిబ్రవరి 12న ఇంజన్‌గా తయారై, ఫిబ్రవరి చివరి వారంలో బాడీ తయారైన కారులోకి ఎక్కితే కథ సరిపోయింది. సిలిండర్ హెడ్లు, ఇన్‌టేక్ మానిఫోల్డు, గేరుబాక్సు, వెనక యాక్సిల్, ఆల్టర్నేటర్, కార్బ్యురేటర్ కూడా తమ తమ తేదీలు మోస్తుంటాయి. మిషిగన్‌లో ఒక కారును చూడటానికి నన్ను పిలిచినప్పుడు కాగితాలు, గద్దె, రంగు అన్నీ చక్కగా కుదిరాయి. ఇంజన్ బిగించిన తేదీ మాత్రం బాడీ తయారైన వారం కన్నా దాదాపు రెండు నెలలు ఆలస్యంగా ఉంది. పుట్టని ఇంజన్‌ను ఏ కర్మాగారమూ కారులో పెట్టలేదు. ఆ అమ్మకం అక్కడితో ఆగిపోయింది.

పైపై గుర్తులను నమ్ముకోవద్దు. ఎస్ఎస్‌లో గుండ్రటి మీటర్ల డాష్‌బోర్డు ఉంటుంది, మామూలు షెవెల్‌లో పొడవాటి పట్టీ లాంటి స్పీడోమీటరు ఉంటుందన్న మాట నిజమే. కానీ అదే ఏడాది మాంటె కార్లోలోనూ గుండ్రటి మీటర్లే ఉన్నాయి, అక్కడి నుంచి తెచ్చి బిగించడం పాత అలవాటు. బ్యాడ్జీలు, హుడ్డు, చారలు అన్నీ ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. 1970లో అన్ని బాడీ రకాలూ కలిపి తయారైన ఎల్ఎస్6లు 4,475 అని లెక్క. కాగితం గానీ, అనుమానం లేని గద్దె గానీ లేకుండా ఎల్ఎస్6 ధర ఇవ్వవద్దని నా సలహా. అలాంటి కారుకు 454 ఇంజన్ ఉన్న మంచి షెవెల్ ధర ఇస్తే చాలు.

ప్రశ్న: టొరంటోలో ఒకరి దగ్గర 1969 కమారో జెడ్/28 చూశాను. ట్రిమ్ ట్యాగ్ మీద ఎక్స్33 అని ఉంది. ఇక సందేహం అక్కరలేదని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: ట్యాగ్ అసలుదైతే మీ స్నేహితుల మాట నిజం. ఒహాయో రాష్ట్రంలోని నార్‌వుడ్ కర్మాగారం 1968 డిసెంబరు ప్రాంతం నుంచి ట్రిమ్ ట్యాగ్ మీద ఎక్స్ కోడ్లు వేయడం మొదలుపెట్టింది. వాటిలో ఎక్స్33, ఎక్స్77 జెడ్/28కి చెందినవి. కాబట్టి మీ కారు నంబరు 124379ఎన్ అని మొదలై, ట్యాగ్ మీది వారం ఆ కాలం తరువాతదై ఉండాలి. లాస్ ఏంజెలెస్ కర్మాగారానికి గుర్తయిన ఎల్ అక్షరం ఉన్న కారు మీద ఎక్స్33 కనబడితే ఆ ట్యాగ్ అబద్ధం. ట్యాగులకు కూడా నకళ్లు వస్తున్నాయి కనుక దాన్ని బిగించిన రివెట్లను, చుట్టూ ఉన్న రంగును జాగ్రత్తగా చూడండి.

జెడ్/28 విషయంలో ఇంకో సౌకర్యం ఉంది. ఆ కారు ఏ ఏ రూపాల్లో రాలేదో మనకు స్పష్టంగా తెలుసు. ట్రాన్స్-ఆమ్ పందేల్లో 5 లీటర్ల పరిమితికి లోబడేలా చేసిన 302 ఘనపు అంగుళాల ఇంజన్ అది. 1969లో దాని కోడ్ డీజెడ్. నాలుగు గేర్ల మాన్యువల్, ముందు డిస్క్ బ్రేకులు తప్పనిసరి. ఫ్యాక్టరీ ఏసీ, ఆటోమేటిక్ గేరు దానికి ఇవ్వలేదు. ఏసీ ఉన్న కమారో ఫైర్‌వాల్‌కు రంధ్రాల అమరిక వేరుగా ఉంటుంది, దాన్ని పూడ్చినా వెల్డింగు జాడ లోపలి వైపు దొరుకుతుంది. హీటరు డబ్బా తీయిస్తే దాని వెనక కారు నంబరులో కొంత భాగం రహస్యంగా కొట్టి ఉంటుంది. డాష్‌బోర్డు మీది పలకతో అది సరిపోలాలి. ఈ ఒక్క పనికి అమ్మేవారు ఒప్పుకోకపోతే వెనక్కి వచ్చేయండి. 1969లో 20,302 జెడ్/28లు తయారయ్యాయి, ఇంకొకటి దొరుకుతుంది.

కెనడాలో మొదట అమ్ముడుపోయిన కారైతే, పై సమాధానంలో చెప్పిన కంపెనీ రికార్డు మీకు అన్నింటికన్నా దగ్గర దారి.

ప్రశ్న: ఫోర్డ్, పాంటియాక్ కార్లకు కూడా ఇంత శ్రమ పడాలా? నేను 1969 మస్టాంగ్ మాక్ 1, 428 కోబ్రా జెట్ కోసం చూస్తున్నాను. (అట్లాంటా)

సమాధానం: అంత అవసరం లేదు. ఫోర్డ్ నంబరులోనే ఇంజన్ అక్షరం ఉంటుంది. 9ఎఫ్02ఆర్ అంటే 1969, డియర్‌బార్న్ కర్మాగారం, ఫాస్ట్‌బ్యాక్ బాడీ, ర్యామ్ ఎయిర్ (హుడ్డు మీది రంధ్రం నుంచి ఇంజన్‌కు గాలి అందించే అమరిక) ఉన్న 428 కోబ్రా జెట్ ఇంజన్. ర్యామ్ ఎయిర్ లేనిది క్యూ. మాక్ 1 అవునా కాదా అన్నది ఆ ఏడాది నంబరు చెప్పదు, డ్రైవరు తలుపు మీది పలకలో 63సీ అని ఉండాలి. వీటన్నింటికీ మించి, 1967 నుంచి మొదలయ్యే ఫోర్డ్ ఉత్పత్తి రికార్డులు లైసెన్సు మీద మార్టీ ఆటో వర్క్స్ దగ్గర ఉన్నాయి. నంబరు పంపి రుసుము కడితే ఆ కారు ఏ రంగులో, ఏ ఇంజన్‌తో, ఏ డీలరుకు వెళ్లిందో మార్టీ రిపోర్టుగా పంపుతారు. అమ్మేవారు చూపించే రిపోర్టును నమ్మకుండా మీరే తెప్పించుకోండి. ఆ కాగితం ఫ్యాక్టరీ నుంచి బయటకు వెళ్లిన కారు గురించి చెబుతుంది. ఇవాళ మీ ఎదుట నిలబడినది ఆ కారేనా అన్నది ఇంజన్ గదిలో ముందు ఫెండర్ల లోపలి అంచుల మీద కొట్టిన నంబర్లు చూసి మీరే తేల్చుకోవాలి.

పాంటియాక్‌కు 1961 మోడల్ నుంచి పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అనే సంస్థ ఆనాటి బిల్లింగ్ రికార్డుల నకళ్లు ఇస్తుంది. పాంటియాక్ జీటీవో కారులో ప్రత్యేక రకమైన జడ్జ్‌నే తీసుకోండి, 1969లో దాని కన్వర్టిబుల్‌లు 108 మాత్రమే తయారయ్యాయి. జడ్జ్ అనే సంగతి కారు నంబరులో లేదు కాబట్టి ఆ నకలు లేని జడ్జ్‌ను జడ్జ్‌గా కొనవద్దు.

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రాస్తున్నాను. 1970 ప్లిమత్ హెమీ కుడా (హెమీ అనే ఇంజన్ ఉన్న బారకుడా కారు) ఒకటి చూపించారు. నంబరు బీఎస్23ఆర్0బీతో మొదలవుతుంది. అసలు ఇంజన్ ఎప్పుడో పోయిందట, ఇప్పుడు వేరే హెమీ ఉంది. ఇంజన్ మారినది కాబట్టి ఇది నకిలీ అనుకోవాలా?

సమాధానం: అనుకోనక్కరలేదు, కానీ మీరు భయపడవలసిన విషయం వేరే ఉంది.

ప్లిమత్ కార్లు చేసిన క్రైస్లర్ కంపెనీ నంబరులో అయిదో అక్షరం ఇంజన్‌ది. 1970లో ఆర్ అంటే 426 హెమీ, వీ అంటే మూడు కార్బ్యురేటర్ల 440. బీ బారకుడాను, ఎస్ స్పెషల్ తరగతిని, 23 హార్డ్‌టాప్‌ను, చివరి బీ మిషిగన్‌లోని హామ్‌ట్రామిక్ కర్మాగారాన్ని సూచిస్తాయి. అంటే షెవర్లేలో నోరు విప్పని నంబరు ఇక్కడ అసలు సంగతి సూటిగా చెబుతోంది. ఆ ఏడాది హెమీ కుడాలు ఆరు వందల పైచిలుకు హార్డ్‌టాప్‌లు, 14 కన్వర్టిబుల్‌లు మాత్రమే వచ్చాయి. పందేల్లో పేలిపోయిన ఇంజన్లు, వారంటీలో మార్చిన ఇంజన్లు ఎన్నో ఉన్నాయి. అసలు ఇంజన్ పోయిన హెమీ కుడా విలువ తగ్గుతుంది కానీ అది హెమీ కుడా కాకుండా పోదు.

ఆ నంబరుకు ఇంత విలువ ఉండటమే ఇక్కడి ప్రమాదం. తుప్పు పట్టి, గుద్దుకుని, పనికిరాకుండా పోయిన హెమీ కారు నుంచి నంబరు పలకను ఊడదీసి, మామూలు 318 ఇంజన్ బారకుడా బాడీకి తగిలించేవారు ఉన్నారు. దీన్ని రీబాడీ అంటారు. ఇది రంగు మార్చడమంత చిన్న పని కాదు. వాహన గుర్తింపు నంబరును తెలిసి తొలగించడం, మార్చడం అమెరికా ఫెడరల్ చట్టం 18వ టైటిల్ 511వ సెక్షన్ కింద నేరం, 5 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. కొన్నవాడికి నేరంతో సంబంధం లేకపోయినా, కారు పోలీసుల స్వాధీనంలోకి వెళ్లిపోయే పరిస్థితి రావచ్చు.

అందుకే డాష్‌బోర్డు మీది పలకతో తృప్తి పడకండి. పువ్వు ఆకారపు తల ఉన్న రివెట్లతో అది బిగించి ఉండాలి, చుట్టూ గోకిన గుర్తులు ఉండకూడదు. అదే నంబరులో చివరి భాగం రేడియేటరును మోసే పట్టీ మీద, ఫైర్‌వాల్ పైన, ముందు అద్దం కింద ఉండే కౌల్ అనే రేకు అంచు మీద కొట్టి ఉంటుంది. ఆ రెండు చోట్లా ఇనుము ముక్కను కత్తిరించి అతికించారా అని వెనక వైపు నుంచి లైటు వేసి చూడండి. ఫ్యాక్టరీ వేసిన స్పాట్ వెల్డింగు గుండ్రటి చిన్న గుంటల్లా వరుసగా ఉంటుంది, చేతి వెల్డింగుకు ఆ క్రమం రాదు. ఎడమ ఫెండర్ లోపల ఉండే చిన్న రేకు, అంటే ఫెండర్ ట్యాగ్, మీద ఈ74 ఉంటే హెమీ, డీ21 ఉంటే నాలుగు గేర్ల మాన్యువల్. మాన్యువల్ కారైతే నేల రేకులో గేరు లివరు కోసం ఫ్యాక్టరీలోనే వెల్డింగు చేసిన బుడిపె ఉండాలి, వెనక డేనా 60 అనే బలమైన యాక్సిల్ ఉండాలి. ఫెండర్ ట్యాగులు కూడా కొత్తగా చేయించి అమ్మేవారు ఉన్నారు. సీటు స్ప్రింగుల్లో గానీ, గ్లవ్ బాక్సు పైన గానీ దొరికే బ్రాడ్‌కాస్ట్ షీటు (క్రైస్లర్ వారి బిల్డ్ షీట్) ఉంటే దాని మీది కోడ్లను ట్యాగ్‌తో ఒక్కొక్కటిగా పోల్చండి.

ఈ తరహా కార్ల మీద ఎంత డబ్బు ఆడుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2014లో సియాటిల్‌లో మీకమ్ వేలంలో నాలుగు గేర్ల 1971 హెమీ కుడా కన్వర్టిబుల్ ఒకటి 35 లక్షల డాలర్లకు పోయింది. మీ కారు విలువ దానికి దరిదాపుల్లో ఉండదు, అయినా ఇల్లంత డబ్బు పెడుతున్నారు కాబట్టి క్రైస్లర్ కార్లు మాత్రమే పరిశీలించే నిపుణుడిని మీ ఖర్చుతో పెట్టుకోండి. ఆయనను అమ్మేవారు సూచించకూడదు. ఇంటర్నెట్‌లో వాహన చరిత్ర రిపోర్టు తీస్తే సరిపోతుందని కొందరు అంటారు. ఆ రిపోర్టులు 1981 మోడల్ నుంచి వచ్చిన 17 అక్షరాల నంబర్ల మీద పనిచేస్తాయి, ఈ కార్లకు పనికిరావు. పాత యజమానుల రిజిస్ట్రేషన్ కాగితాలు వరుసగా సేకరించడమే దారి.

ప్రశ్న: నకిలీ అని తెలిసి కొంటే తప్పా? మా అబ్బాయికి అసలు కారు కొనే స్తోమత లేదు. (షార్లెట్)

సమాధానం: తప్పు ఏమీ లేదు. అసలు రూపంలో తయారు చేసి, అలా తయారు చేశామని బాహాటంగా చెప్పి అమ్మే కారును క్లోన్ అనో, ట్రిబ్యూట్ అనో అంటారు. నాకు అవి ఎంతో ఇష్టం. మంచి బ్రేకులు, నమ్మకమైన వైరింగు పెట్టించుకుని వారాంతాల్లో నిశ్చింతగా తిప్పుకోవచ్చు. అసలు ఎల్ఎస్6ను వర్షంలోకి తీయడానికి ఎవరికీ చేతులు రావు. బిల్లు మీద మాత్రం "క్లోన్" అన్న మాట స్పష్టంగా రాయించుకోండి. మీ అబ్బాయి తరువాత కొనేవారు ఎవరో మనకు తెలియదు, ఆ మాట కారుతో పాటు వెళ్లాలి. నకిలీ ట్యాగులు, కొట్టిన అంకెలు ఉన్న క్లోన్‌ను ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు.

ప్రశ్న: అమెరికాలోని మా బావగారి పాత కమారోను హైదరాబాద్ తెప్పించుకుంటే వింటేజ్ వాహనంగా నమోదు చేయించవచ్చా? అందులో ఇంజన్ మార్చి ఉంది.

సమాధానం: దిగుమతి నియమాలు, సుంకం సంగతి కారు ఓడ ఎక్కక ముందే కస్టమ్స్ ఏజెంటు ద్వారా రాతపూర్వకంగా తేల్చుకోండి. నమోదు విషయానికి వస్తే, 2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనానికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. మొదటిసారి రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, పునరుద్ధరణకు 5,000 రూపాయలు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కించాలి. చాసిస్, బాడీ, ఇంజన్‌లలో గణనీయమైన మార్పు లేకుండా అసలు రూపంలో ఉండాలన్నది ముఖ్యమైన షరతు. ఇంజన్ మార్చిన కారుకు ఇక్కడే చిక్కు వస్తుంది. ఏ ఇంజన్ ఉండేది, ఏది పెట్టారు, ఎప్పుడు పెట్టారు అన్నది కాగితాలతో సహా సిద్ధం చేసుకుని, డబ్బు ఖర్చు పెట్టక ముందే రవాణా శాఖ అధికారులను కలవండి.

ప్రశ్న: మా వారు 1980లలో డెట్రాయిట్‌లో ఉద్యోగం చేస్తూ ఒక పాత ప్లిమత్ రోడ్ రన్నర్ కొన్నారు. ఆయన పోయి రెండేళ్లయింది. కారు గరాజ్‌లో దుమ్ము పట్టి ఉంది. చక్రాలకు కప్పులు కూడా లేవు, నల్లటి ఇనుప చక్రాలే. మామూలు కారే కదా, తెలిసినవాళ్లు అడుగుతున్నారు ఇచ్చేద్దామని పిల్లలు అంటున్నారు. నంబరు ఆర్ఎం23ఎం9ఏ అని మొదలవుతుంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ఎవరికీ మాట ఇవ్వకండి. ఆ నంబరులో అయిదో అక్షరం ఎం. 1969లో రోడ్ రన్నర్లకు మామూలుగా పడే అక్షరం హెచ్, అంటే 383 ఇంజన్. ఎం అంటే ఆ ఏడాది వసంతంలో డెట్రాయిట్ లించ్ రోడ్ కర్మాగారంలో మాత్రమే తయారైన, మూడు కార్బ్యురేటర్ల 440 ఇంజన్ ఉన్న కారు. మీ నంబరు చివరి ఏ అక్షరం ఆ కర్మాగారానిదే. పందేలు ఆడేవారిని దృష్టిలో పెట్టుకుని చేసిన కారు కావడంతో, చక్రాలకు కప్పులు లేకుండా నల్లగానే అమ్మారు. మీ పిల్లలకు పేదగా కనిపించినవి ఆ కారు గుర్తుల్లో ఒకటి. హుడ్డు కీలులు లేకుండా, నాలుగు పిన్నులు తీసి పూర్తిగా ఎత్తి పక్కన పెట్టే ఫైబర్‌గ్లాస్ హుడ్డు అయితే, వెనక డేనా 60 యాక్సిల్ ఉంటే, అది అసలు కారని నా నమ్మకం ఇంకా బలపడుతుంది.

దాన్ని కడిగించకండి, రంగు వేయించకండి, సీట్లు విప్పనివ్వకండి. సీటు కింద బ్రాడ్‌కాస్ట్ షీటు ఉంటే అనుభవం ఉన్నవారే తీయాలి, చేతిలో పొడి అయిపోతుంది. మీ వారి అల్మారాలో, పాత ఫైళ్లలో ఆ కారుకు సంబంధించిన ప్రతి కాగితాన్నీ ఒక కవరులో పెట్టండి: కొన్నప్పటి రసీదు, ఆయనకు అమ్మినవారి పేరు, పాత రిజిస్ట్రేషన్ కార్డులు, ఇన్సూరెన్స్ కాగితాలు, మెకానిక్ బిల్లులు. కారు పక్కన నిలబడి తీయించుకున్న పాత ఫొటోలు ఉంటే అవి కూడా. 1980లలోనే ఆ హుడ్డు, ఆ చక్రాలు కారు మీద ఉన్నాయని తేదీ ఉన్న ఫొటో చెబితే, ఆ సాక్ష్యాన్ని ఎవరూ తయారు చేయలేరు.

నంబరు పలక, ఫెండర్ ట్యాగ్ ఫొటోలను అడిగిన ప్రతివారికీ పంపవద్దు. వాటిని చూసి నకిలీ పలకలు కొట్టించేవారు ఉన్నారు. పత్రిక కార్యాలయానికి మీ ఊరి పేరు రాసి పంపితే, కారు కొనే ఉద్దేశం లేని ఇద్దరు పరిశీలకుల వివరాలు తపాలాలో పంపుతాను. వారు వచ్చే రోజున పిల్లల్లో ఒకరిని దగ్గర ఉండమనండి.